నెలకు పదిహేను మంది చాలు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. మన ఊరి యువజన సంఘం తరఫున ఆగస్టు 15న మెగా రక్తదాన శిబిరం పెట్టి, వంద మంది చేత రక్తం ఇప్పించాలని రాశావు. చాలా సంతోషమేసింది నాన్నా. వంద మందిని నువ్వు పోగు చేయగలవు, ఆ నమ్మకం నాకుంది. కానీ ఆ వంద మంది చేతా ఒకే రోజు ఇప్పించొద్దు. ఎందుకంటున్నానో చెబుతాను.

నేను డిగ్రీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) చూసుకునే రోజుల్లో అచ్చం ఇలాంటి శిబిరమే పెట్టాను. తొంభై ఆరు మంది ఇచ్చారు. పేపర్లో ఫొటో వచ్చింది. పిల్లలూ నేనూ పండగ చేసుకున్నాం. యాభై రోజుల తర్వాత ఒక సాయంత్రం ఓ తల్లి కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉంది. చంకలో ఐదేళ్ల పిల్లవాడు. పెదవులు తెల్లగా పాలిపోయాయి, తల నిలబెట్టలేక అమ్మ భుజం మీద వాల్చేశాడు. తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. బి నెగెటివ్ కావాలి, బ్లడ్ బ్యాంకులో లేదన్నారట. మీ కాలేజీలో చాలామంది ఇచ్చారని ఎవరో చెబితే వచ్చింది. నా దగ్గర జాబితా ఉంది. అందులో బి నెగెటివ్ వాళ్లు ఇద్దరే. ఇద్దరూ ఆ శిబిరంలోనే ఇచ్చారు. మగవాళ్లు ఒకసారి ఇచ్చాక మళ్లీ 90 రోజుల దాకా ఇవ్వకూడదు. ఆ తల్లికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. రెండు రోజులు అందరినీ అడిగి తిరిగితే, చివరికి పక్క ఊళ్లో ఒక లారీ డ్రైవర్ దొరికాడు. ఆ రెండు రోజులు నాకు నిద్ర లేదు.

ఆ శిబిరంలో ఇచ్చిన రక్తం ఏమైందని నువ్వు అడగొచ్చు. రక్తం మామూలుగా 35 రోజులు నిల్వ ఉంటుంది, కొన్ని రకాల బ్యాగుల్లో అయితే 42 రోజులు. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్ కణాలయితే ఐదు రోజులే. ఆ తర్వాత పారబోయాల్సిందే. ఆగస్టు 15కి మన ఒక్క ఊళ్లోనే కాదు, చుట్టుపక్కలంతా శిబిరాలే. హీరోల పుట్టినరోజులకూ, నాయకుల పుట్టినరోజులకూ అంతే. ఆ అభిమాన సంఘాల వాళ్లంటే నాకు ఎంతో గౌరవం, వాళ్లవల్ల నిలబడ్డ ప్రాణాలు ఎన్నో. అయితే అందరూ ఒకే రోజు ఇస్తే ఆ నెల ఫ్రిజ్‌లు నిండిపోతాయి, ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసేసి, ఎండలు ముదిరాక అవే ఫ్రిజ్‌లు ఖాళీగా ఉంటాయి. తలసేమియా పిల్లవాడికి మే నెలలోనూ మూడు వారాలకోసారి కావాలి కదా.

అందుకని ఇలా చేయి. ముందుగా దగ్గర్లో లైసెన్స్ ఉన్న బ్లడ్ బ్యాంకుకు వెళ్లి, అక్కడి మెడికల్ ఆఫీసరుని కలిసి, ఏ నెలల్లో కొరత, ఏ గ్రూపులు దొరకడం లేదు అని అడుగు. ఈ ఒక్క మాట అడగకుండానే అందరం శిబిరాలు పెట్టేస్తాం. ఆ తర్వాత ఒక గట్టి అట్ట నోటుబుక్కు కొను. పేరు, ఫోను, గ్రూపు, బరువు, చివరిసారి ఇచ్చిన తేదీ, రాత్రిపూట పిలిస్తే రాగలరా లేదా. ఇంతే రాయి. గ్రూపు నోటిమాటగా రాసుకోవద్దు, కార్డు చూసి రాయి. 'నాది ఓ పాజిటివ్' అని ఏళ్లతరబడి నమ్మినవాళ్లకు టెస్టులో వేరేది తేలడం నేను చూశాను.

వంద మంది వద్దు, నిజంగా వచ్చేవాళ్లు అరవై మంది చాలు. నాలుగు జట్లు చేయి, జట్టుకు పదిహేను మంది. నెలకో ఆదివారం ఒక జట్టు. అలా అయితే ఒక మనిషికి మళ్లీ వంతు నాలుగు నెలలకు వస్తుంది. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు ఎడం ఉండాలి కాబట్టి ఇద్దరికీ దాదాపు సరిపోతుంది, ఆడవాళ్లకు మాత్రం 120 రోజులు నిండాయో లేదో తేదీ చూసుకో. పదిహేను మంది కోసం బ్లడ్ బ్యాంకు వ్యాన్ రాకపోవచ్చు, మీరే ఆటోల్లో వెళ్లాలి. నెగెటివ్ గ్రూపు వాళ్లను మాత్రం ఏ జట్టులోనూ వేయకు. వాళ్ల పేర్లు చివరి పేజీలో విడిగా రాసి, అవసరమని ఫోను వచ్చినప్పుడే పిలువు. ఆ తల్లి నేర్పిన పాఠం ఇది.

వయసు 18 నిండాలి, 65 దాటకూడదు. బరువు 45 కిలోలకు తగ్గకూడదు. రక్తంలో హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలి. ఇక్కడే నువ్వు జాగ్రత్తగా ఉండాల్సింది. మన ఆడపిల్లలు ఎంతో ఉత్సాహంగా వస్తారు, వేలి మీద చుక్క తీసి చూస్తే పదో, పదకొండో ఉంటుంది. అందరి ముందూ 'నీది తక్కువుంది, వెళ్లిపో' అంటే మళ్లీ ఆ పిల్ల సంఘం గుమ్మం తొక్కదు. పక్కకు పిలిచి చెప్పించు. ఆ పేర్లు నీ ఒక్కడి దగ్గరే ఉంచి, మన ఆశా వర్కరు అక్కతో మాట్లాడి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలు ఇప్పించి, మూడు నెలల తర్వాత మళ్లీ చూపించు. రక్తం ఇవ్వడం కన్నా ఇది చిన్న సేవేం కాదు. వాట్సాప్ గ్రూపులో ఎవరు ఇచ్చారో పెట్టు, ఎవరిది తీసుకోలేదో, ఎందుకు తీసుకోలేదో మాత్రం ఎప్పుడూ పెట్టకు. తీసుకున్న ప్రతి బ్యాగుకూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా టెస్టులు చేస్తారు. అందులో ఏదైనా తేలితే అది ఆ మనిషికీ డాక్టరుకీ మధ్య ఉండాల్సిన మాట.

ఖాళీ కడుపుతో ఎవరినీ పంపకు. నా శిబిరంలో ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు, ఆయన రిబ్బను కత్తిరించేదాకా పిల్లల్ని కూర్చోబెట్టాం. టిఫిన్ చేయకుండా వచ్చిన ఒక కుర్రాడు ఇచ్చి లేస్తూనే కళ్లు తిరిగి పడిపోయాడు, బల్ల అంచు తగిలి కనుబొమ మీద చీరుకుపోయింది. వాళ్లమ్మ మరుసటి ఏడు ఇవ్వనివ్వలేదు. మీకు ముఖ్య అతిథి వద్దు. ఫ్లెక్సీ డబ్బులతో ఇడ్లీ, మజ్జిగ పెట్టించు.

ఇంకో మాట. డబ్బుకు రక్తం ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. రోగి బంధువులు కన్నీళ్లతో మీ జేబులో ఐదొందలు పెట్టబోతారు. పెట్రోలు ఖర్చుకని కూడా తీసుకోవద్దని మనవాళ్లందరికీ ముందే చెప్పు. 'మనవాళ్లకైతేనే ఇస్తాం' అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, ఎంత పెద్దవాళ్లయినా సరే, అక్కడే ఆపు.

ఆగస్టు 15న జెండా ఎగరేశాక మొదటి జట్టును తీసుకెళ్లు. మిగతా మూడు జట్ల పేర్లు, తేదీలు ఆ రోజే సంఘం గోడ మీద అంటించు. మే నెల జట్టులో మాత్రం ఊరు దాటి వెళ్లని వాళ్లను పెట్టు, పెళ్లిళ్ల కాలం కదా. నాకు అరవై ఎనిమిది నిండాయి కాబట్టి ఇవ్వడానికి లేదు. ఏడాదిపాటు ఆటో కిరాయి నాది. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను, నోటుబుక్కు కొని ఉంచు, మొదటి పేజీ ఇద్దరం కలిసి గీతలు గీద్దాం.

మీ పెదనాన్న