మాల్దీవ్స్‌లో చివరి రెండు రోజులు: డైవ్ చేసి పొద్దున్నే సీప్లేన్ ఎక్కొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను, మావారు మాల్దీవ్స్‌లో ఒక రిసార్ట్‌లో ఉన్నాం. ఇవాళ గురువారం, శనివారం పొద్దున ఏడింటికి సీప్లేన్‌లో మాలే వచ్చి మధ్యాహ్నం ఒంటిగంట ఫ్లైట్‌కి బయల్దేరాలి. మావారు స్కూబా నేర్చుకుని రోజూ డైవ్ చేస్తున్నారు, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి లాస్ట్ డైవ్ అంట, ఫ్లైట్‌కి 22 గంటలు టైముందిగా ఏం కాదంటున్నారు. నాకేమో భుజాలు, వీపు ఎర్రగా కాలిపోయాయి, దుప్పటి తగిలినా మంటే (మొటిమలకి డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నా, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలీదు). కుడి చెవి నొప్పి. ఇంత డబ్బు పోసి వచ్చి రూమ్‌లో పడుకోవాలంటే గిల్టీగా ఉంది, పడుకుంటే తలనొప్పి, ఆఫీసు మెయిల్సే గుర్తొస్తాయి. ఏం చెయ్యమంటారు?
— ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: డెస్క్ వాళ్లు మీ మెయిల్ వెంటనే పంపారు కాబట్టి డైవ్ సంగతి వాళ్లతోనే మీకు ముందు చెప్పించాను, ఇక్కడ వివరంగా రాస్తున్నా, ఇలాంటి ప్లాన్ వేసుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కదా.

మీవారి లెక్క ఒక్క చోట తప్పిందమ్మా. ఆయన పెద్ద ఫ్లైట్ దాకా లెక్కేశారు, మధ్యలో సీప్లేన్ ఉందని మర్చిపోయారు. అది కూడా విమానమే. శుక్రవారం మూడింటికి డైవ్ చేసి శనివారం ఏడింటికి ఎక్కితే 16 గంటలే. డైవింగ్ డాక్టర్లు చెప్పే రూల్ ఏంటంటే లోతు తక్కువ, ఒక్కటంటే ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా కొన్ని రోజులు చేస్తుంటే కనీసం 18 గంటలు, ఇక పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి ఆగి రావాల్సిన డైవ్‌లైతే ఇంకా ఎక్కువ. చాలా డైవ్ సెంటర్లు ఇవన్నీ ఎందుకని 24 గంటలు అని ఒకటే మాట చెప్పేస్తాయి, నేనూ అదే చెప్తా. అంతగా మనసు పీకుతుంటే శుక్రవారం పొద్దున ఏడింటిలోపే నీళ్లలోంచి బయటికొచ్చేలా చూసుకోమనండి, లేదంటే ఇవాళ్టితో సరి. డైవ్ సెంటర్‌లో మీ సీప్లేన్ టైమ్ చెప్పి అడగండి, వాళ్లే వద్దంటారు చూడండి.

ఎందుకింత పట్టుదల అంటే, పది మీటర్ల లోతుకి వెళ్లేసరికి ఒంటి మీద ప్రెజర్ రెట్టింపు అవుతుంది, అక్కడ పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలోకి, కండరాల్లోకి, కొవ్వులోకి ఎక్కువగా చేరుతుంది. పైకొచ్చాక మెల్లగా గంటల తరబడి ఊపిరితో బయటికి పోతూ ఉంటుంది. అది పూర్తిగా పోకముందే విమానం ఎక్కితే పైన ప్రెజర్ తగ్గి (పెద్ద ఫ్లైట్‌లో కూడా క్యాబిన్ లోపల ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టే ఉంటుంది) ఆ నైట్రోజన్ బుడగలు కడుతుంది. బుడగలు కీళ్ల దగ్గర ఉంటే నొప్పులు, వెన్నుపాములో అయితే కాళ్లు తిమ్మిరెక్కడం, నడవలేకపోవడం, మూత్రం రాకపోవడం దాకా వెళ్తుంది. అందరికీ వస్తుందని కాదు, చాలామందికి ఏమీ కాదు, ఆ ధైర్యంతోనే మిగతావాళ్లు ఎక్కేస్తుంటారు. డైవ్ తర్వాత భుజమో మోచెయ్యో విపరీతంగా నొప్పి, తిమ్మిర్లు, తల తిరగడం, చర్మం మీద నీలంగా మచ్చలు, ఎప్పుడూ లేనంత నీరసం ఇలా ఏది కనిపించినా "బరువైన సిలిండర్ మోశాను కదా అందుకే" అని సరిపెట్టుకుని ఫ్లైట్ ఎక్కేయొద్దు. రిసార్ట్ డాక్టర్‌కి చెప్తే ముందు ఆక్సిజన్ పెడతారు, అవసరమైతే ప్రెజర్ చాంబర్ (లోపల గాలి ప్రెజర్ పెంచి ఆ బుడగల్ని కరిగించే గది) ఉన్న దీవికి పంపిస్తారు, బాండోస్ లాంటి దీవుల్లో ఆ సౌకర్యం ఉంది.

స్నార్కెలింగ్‌కి మాత్రం ఈ గొడవ లేదు, నీటి మీద తేలుతూ చూసేదానికి ఫ్లైట్‌తో పేచీ ఏం ఉండదు. రిసార్ట్ ముందు పగడపు దిబ్బ ఉంటే శుక్రవారం అంతా అక్కడే గడపమనండి ఆయన్ని, టీషర్ట్ వేసుకుని.

ఇక మీ వీపు. బ్రాకెట్‌లో పెట్టి చెప్పాలో లేదో అన్నట్టు రాసిన ఆ డాక్సీసైక్లిన్ సంగతే నాకు అసలు విషయం అనిపించింది. మనది చామనఛాయ కదా మనకి సన్‌బర్న్ ఏంటి అనుకుంటాం, మనకీ వస్తుంది, పైగా ఈ మందు వేసుకునేవాళ్లకి మామూలు ఎండ కూడా కాల్చేస్తుంది. అది కూడా భూమధ్యరేఖ పక్కనే ఉన్న దీవుల్లో, కింద తెల్ల ఇసుక, చుట్టూ నీళ్లు, రెండు వైపుల నుంచీ ఎండే. రాసిన మీ స్కిన్ డాక్టర్‌కి ఒక మెసేజ్ పెట్టి కొన్నాళ్లు ఆపమంటారేమో అడగండి, మొటిమల కోసమే అయితే నాలుగు రోజులు ఆపితే కొంపేం మునగదు. ఇప్పటికి చల్లనీళ్ల షవర్ కింద పది పదిహేను నిమిషాలు, ఒళ్లు తడి ఆరకముందే మాయిశ్చరైజరో అలోవెరా జెల్లో, నీళ్లు బాగా తాగండి, నొప్పికి పారాసిటమాల్. టూత్‌పేస్ట్, పసుపు, పెరుగు ఏవీ పూయొద్దు, ఐస్ నేరుగా పెట్టొద్దు, బొబ్బలు వస్తే చిదమొద్దు. బొబ్బలు వీపంతా వచ్చినా, చలిజ్వరం వాంతులు మొదలైనా క్లినిక్‌కి వెళ్లండి. పది నుంచి నాలుగు దాకా నీడలోనే, బయటికి వస్తే ఫుల్ హ్యాండ్స్, సన్‌స్క్రీన్ పొద్దున ఒకసారి రాసి వదిలేయడం కాదు, రెండు గంటలకోసారి, నీళ్లలో దిగి వచ్చినప్పుడల్లా మళ్లీ.

చెవి తమ్మె లాగినా, చెవి ముందున్న చిన్న మెత్తటి ఎముక నొక్కినా నొప్పి ఎక్కువైతే అది చాలావరకు నీళ్ల వల్ల వచ్చిన బయటి చెవి ఇన్ఫెక్షన్. ఈ రెండు రోజులు తల ముంచొద్దు, ఇయర్ బడ్స్ పెట్టొద్దు, ఇంటికి ఫోన్ చేస్తే వెల్లుల్లి వేసి కాచిన నూనె పొయ్యమంటారు, వద్దు. రిసార్ట్ డాక్టర్ టార్చ్ వేసి చూసి చుక్కల మందు ఇస్తారు. రక్తం వచ్చినా, వినికిడి ఒక్కసారిగా తగ్గినా ఆ చుక్కలు కూడా చూపించకుండా వేసుకోకూడదు.

తలనొప్పికి ఒకటి అడగనా, ఆఫీసులో రోజుకి నాలుగైదు కాఫీలు తాగే అలవాటుండి అక్కడ కొబ్బరినీళ్ల మీద పడ్డారా? కాఫీ ఒక్కసారిగా మానేస్తే మర్నాటికల్లా తల పట్టేస్తుంది, కొన్ని రోజులు ఉంటుంది. పొద్దున ఒక కప్పు తాగి చూడండి. ఎండకి, నీళ్లు సరిగ్గా తాగకపోయినా వస్తుంది. గిల్టీ అంటారా, ప్యాకేజీలో రాసినవన్నీ చేసి తీరాలని ఎవరూ అనలేదమ్మా, ఇప్పుడు మీ వీపుకి, చెవికి, ఆయన నైట్రోజన్‌కి ముగ్గురికీ కలిపి ఒకటే మందు, నీడలో కాళ్లు చాపుకుని పడుకోవడం. ఫోన్‌లో ఆఫీసు మెయిల్ యాప్ మూసేయండి, సోమవారం దాకా ఆగితే కంపెనీ ఏం ఆగిపోదు.

వచ్చాక రెండు వారాల్లోపు జ్వరం వస్తే మాత్రం ఎండ దెబ్బ అనుకోకండి. మాల్దీవ్స్‌లో మలేరియా లేదని డబ్ల్యూహెచ్ఓ 2015లోనే సర్టిఫికెట్ ఇచ్చింది గానీ డెంగీ ఉంది, ఆ దోమ పగలే కుడుతుంది. పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, డిస్ప్రిన్ లాంటివి మింగొద్దు, డాక్టర్‌కి మాల్దీవ్స్ వెళ్లొచ్చాం అని చెప్పండి, బ్లడ్ కౌంట్‌తో పాటు మొదటి ఐదు రోజుల్లో అయితే డెంగీని పట్టిచ్చే ఎన్ఎస్1 అనే రక్త పరీక్ష కూడా రాస్తారు.