వాగు వేసిన మేట

ప్రశ్న: మాది మోరంచవాగు ఒడ్డు. వరదకు నా చేనులో జానెడు ఇసుక మేట వేసింది. రెండు చేన్ల అవతల మా పెద్దబాపు పొలంలో మాత్రం నల్లటి ఒండ్రు పరుచుకుంది. ఒకే వరద ఇట్ల ఎందుకు చేస్తది? ఇసుకను దున్ని కలిపేస్తే సరిపోతదా?
– ఒక రైతు, భూపాలపల్లి జిల్లా

జవాబు: నీటి జోరు తగ్గినచోట ముందు బరువైనది దిగుతుంది. నిలిచిన నీటిలో 0.1 మి.మీ. ఇసుక రేణువు మీటరు కిందికి దిగడానికి రెండు నిమిషాలు చాలు. 0.01 మి.మీ. ఒండ్రుకు మూడు గంటలు. 0.001 మి.మీ. బంకమట్టికైతే పన్నెండు, పదమూడు రోజులు! వాగు పొర్లి చేలల్లోకి పరుచుకోగానే లోతు తగ్గి, పైరు అడ్డుపడి, ఇసుక ఒడ్డు పక్కనే దిగిపోతుంది. ఏటికేడు అలా పేరుకున్నదే వాగు వెంట కనిపించే సహజమైన గట్టు. దాని వెనక పల్లంలో నీళ్లు రోజుల తరబడి నిలిచి ఒండ్రు పడుతుంది. మీ పెద్దబాపు పొలం అక్కడ ఉన్నట్టుంది. మీ చేను వాగు వంపుకు లోపలివైపు ఉంటే ఇసుక ఇంకా ఎక్కువ, ఎందుకంటే వంపులో నీరు బయటి ఒడ్డును కోసి లోపలి ఒడ్డున మేట వేస్తుంది.

దున్నే ముందు పారతో పదిచోట్ల తవ్వి మందం కొలవండి. రెండు అంగుళాల లోపయితే మామూలు దుక్కి చాలు. అంతకు మించితే మట్టిని తిరగేసే నాగలి కావాలి, అదీ ఇసుక మందానికి రెట్టింపు లోతున. కల్టివేటరుతో పైపైన గీస్తే ఇసుక ఇసుకలోనే కలుస్తుంది, డీజిల్ దండగ. ట్రాక్టరు నాగలి పది, పన్నెండు అంగుళాలే దిగుతుంది కాబట్టి ఐదంగుళాలు ఉంచి మిగతాది ఎత్తాల్సిందే. ఎకరంలో అంగుళం ఇసుకంటే 103 ఘనపు మీటర్లు, అంటే మూడు ఘనపు మీటర్ల ట్రాలీకి 34 ట్రిప్పులు. మీ జానెడులో, అంటే తొమ్మిదంగుళాల్లో, నాలుగంగుళాలు తీయాలన్నా ఎకరానికి 137 ట్రిప్పులు. తరలించే ముందు తహసీల్దారు ఆఫీసులో అనుమతి అడగండి. కింద కూడా ఇసుకపాలు ఎక్కువున్న చెల్క నేలే అయితే మాత్రం తిరగేసి లాభం లేదు. చెరువు మట్టి తోలాలి.

ప్రశ్న: కాళేశ్వరం దగ్గర గోదావరి అంత వెడల్పు కదా, డెల్టా ఎందుకు లేదు?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: వెడల్పు చాలదు, నది ఆగాలి. ఇక్కడి ఇసుక దిబ్బలను తరువాతి వరద కిందికి నెట్టుకుపోతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలాక సముద్రం అడ్డుపడుతుంది. పైగా ఉప్పునీటిలో బంకమట్టి రేణువులు ముద్దకట్టి తొందరగా దిగుతాయి. మన దగ్గర అలాంటి పని చూడాలంటే శ్రీరాంసాగర్ జలాశయం ఎగువ కొసకు వెళ్లండి. 112 టీఎంసీలకు కట్టిన ఆ జలాశయం పూడికతో దాదాపు 80కి తగ్గింది.