డౌరో లోయలో ఇల్లు, ద్రాక్షతోట: రెండింటినీ విడదీసి లెక్క వేయండి

ప్రశ్న: మేమిద్దరం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. నాకు 49, మావారికి 52 ఏళ్లు. అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కిందటి సెప్టెంబరులో పోర్చుగల్‌లోని డౌరో లోయ చూసివచ్చాం. అక్కడ ఒక పాత రాతి ఇల్లు, దానితోపాటు సుమారు హెక్టారు ద్రాక్షతోట 1,60,000 యూరోలకు అమ్మకానికి ఉన్నాయి. మారతహళ్ళిలో మేముంటున్న ఫ్లాటు కాక, 2012లో కొన్న వైట్‌ఫీల్డ్ ఫ్లాటు ఉంది. దాన్ని అమ్మి, తక్కువైతే హోమ్ లోన్ టాపప్ తీసుకుని కొనాలనుకుంటున్నాం. రిటైరయ్యాక ఆరు నెలలు అక్కడ ఉండి, మిగతా ఆరు నెలలు పర్యాటకులకు అద్దెకిస్తే తోట మీద కూడా కొంత వస్తుందని మావారి లెక్క. ముందడుగు వేయవచ్చా?

జవాబు: మీరు చూసిన చోటు మీద మనసు పడటం సహజమే. పోర్ట్ అనే తియ్యటి, ఘాటు వైన్ తయారయ్యే ఈ లోయకు 1756లోనే, తర్వాతి కాలంలో పోంబాల్ మార్క్విస్‌గా ప్రసిద్ధుడైన మంత్రి చొరవతో, సరిహద్దులు నిర్ణయించారు, తర్వాత వాటి వెంట గ్రానైట్ రాళ్లు పాతించారు. కొండవాలు మీద మెట్లుమెట్లుగా కట్టిన ఆ తోటలను 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే మీ ఉత్తరంలో ఇల్లు, తోట, రిటైర్మెంట్ నివాసం అనే మూడు వేర్వేరు నిర్ణయాలు ఒకే ధరలో కలిసిపోయాయి. వాటిని విడదీసి చూస్తే ఇంటి గురించి ఆలోచించవచ్చు గాని, తోట మాత్రం మీకు తగదని నా అభిప్రాయం.

తోట ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను. ఆ లోయకు అందం తెచ్చిన సన్నటి మెట్లే అక్కడి సాగును ఖరీదైనదిగా చేశాయి. పాత మెట్ల మీదికి యంత్రాలు ఎక్కవు కాబట్టి కొమ్మల కత్తిరింపు నుంచి సెప్టెంబరు కోత వరకు మనుషులే చేయాలి, కూలిన రాతిగోడలను చేత్తోనే తిరిగి పేర్చాలి, పైగా పల్లెల్లో పనిచేసే వయసువారు తగ్గిపోతున్నారు. రాబడి చూస్తే, పోర్ట్ వైన్‌గా మార్చడానికి ఏటా ఎంత పరిమాణాన్ని అనుమతించాలో అక్కడి నియంత్రణ సంస్థ ముందే నిర్ణయిస్తుంది. ఒక్కో తోట ముక్కకు ఇచ్చిన శ్రేణిని బట్టి ఆ కోటాలో వాటా దక్కుతుంది, దీనినే బెనెఫీసియో అంటారు. వాటాలోకి వచ్చిన పండుకే మంచి ధర వస్తుంది, మిగిలినది మామూలు వైన్ ధరకు పోతుంది. 2023లో 1,04,000 పీపాలుగా ఉన్న ఈ కోటా 2024లో 90,000కు, 2025లో 75,000కు తగ్గింది. ఒక్కో పీపా 550 లీటర్లు. తరతరాలుగా అదే పనిలో ఉన్న రైతులే పండు కొనేవారు దొరక్క వీధికెక్కిన కాలంలో, బెంగళూరు నుంచి ఫోన్ మీద నడిపే ఒక హెక్టారు తోట మీకు ఆదాయం ఇస్తుందని లెక్కలో రాసుకోకండి. దానిని ప్రతి ఏటా వచ్చే ఖర్చుగానే రాసుకోండి. చూసేవారు లేక ఎండిన తోట ఆ ప్రాంతంలో వేసవి కార్చిచ్చులకు ఆహారమవుతుందన్నది కూడా మరువరాదు.

ఇక డబ్బు తరలింపు. రిజర్వు బ్యాంకు వారి లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు, ఆ సొమ్ముతో అక్కడ స్థిరాస్తి కొనవచ్చు. కాబట్టి పరిమితి మీకు అడ్డం కాదు, మూలంలో వసూలయ్యే పన్ను (టీసీఎస్) అడ్డం. ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. లెక్క తేలికగా ఉండేందుకు యూరోను 100 రూపాయలు అనుకుంటే ఇల్లు, తోట కలిపి ధర 1.6 కోట్లు. మీవారు ఒక్కరే ఒకే ఏడాదిలో పంపితే 30 లక్షలు, మీరిద్దరూ సగం సగం పంపితే 28 లక్షలు, ఇద్దరూ ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31లోపు సగం, ఆ తర్వాత సగంగా పంపితే మొత్తం 24 లక్షలు టీసీఎస్‌గా కట్టాలి. ఇది పోయే డబ్బు కాదు, మీ ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా రీఫండ్‌గా వస్తుంది, జీతం మీద కోసే టీడీఎస్‌లో సర్దమని యజమానికి తెలియజేసే వీలూ ఉంది. అయినా అన్ని లక్షలు కొన్ని నెలలపాటు మీ చేతిలో ఉండవు. మీరు కూడా సొమ్ము పంపేట్లయితే దస్తావేజులో సహయజమానిగా మీ పేరు ఉండి తీరాలి. పంపిన సొమ్ము 180 రోజుల్లోగా వినియోగం కాకపోతే వెనక్కి తెప్పించాలి కనుక, రేటు బాగుందని ముందే పంపి ఉంచడం మంచిది కాదు.

టాపప్ లోన్ ఆలోచన పూర్తిగా మానుకోండి. ఈ పథకం కింద విదేశాల్లో ఆస్తి కొనడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. వేరే కారణం రాసి తీసుకోవడం తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది.

వైట్‌ఫీల్డ్ ఫ్లాటు విషయంలో మీ లెక్కకు పెద్ద దెబ్బ ఇక్కడే ఉంది. ఇల్లు అమ్మిన లాభంతో మరో ఇల్లు కొంటే పన్ను ఉండదని మీరు అనుకుంటూ ఉండవచ్చు, కాని 2014-15 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ మినహాయింపు భారతదేశంలో కొన్న ఇంటికే పరిమితం. పోర్చుగల్ ఇంటికి అది వర్తించదు. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తి కనుక, ఇండెక్సేషన్ (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం అనే రెండింటిలో తక్కువైన పన్ను కడితే చాలు. అయినా ఆ పన్ను తీసేశాక మిగిలేదే మీ అసలు బడ్జెట్. నెలనెలా అద్దె తెచ్చే ఆస్తిని అమ్మి, నెలనెలా ఖర్చు పెట్టించే ఆస్తిని కొంటున్నారన్న సంగతి, ముఖ్యంగా అబ్బాయి పైచదువు ఎదురుగా ఉండగా, నన్ను కలవరపెడుతోంది.

ఆరు నెలల నివాసం గురించి ఒక అపోహ తొలగాలి. ఆస్తి కొంటే నివాస హక్కునిచ్చే గోల్డెన్ వీసా మార్గాన్ని పోర్చుగల్ 2023 అక్టోబరులో మూసివేసింది. సొంత ఇల్లున్నా, పోర్చుగల్‌తో సహా పలు యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ సందర్శక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండలేరు. స్థిరమైన ఆదాయం ఉన్నవారికి ఇచ్చే డీ7 వంటి నివాస వీసాలు ఉన్నాయి, కాని అక్కడ ఏడాదిలో 183 రోజులు దాటితే అక్కడి పన్ను నివాసులవుతారు, అప్పుడు మీ పెన్షన్, వడ్డీ లెక్కలన్నీ మళ్లీ వేయాలి. కొన్న నాటి నుంచి ఇక్కడి రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ ప్రతి ఏటా నింపాలి, లేకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. చిన్న విదేశీ ఆస్తులకు ఇచ్చిన సడలింపు స్థిరాస్తికి వర్తించదు.

నా సూచన ఇది. వచ్చే జనవరిలోనో ఫిబ్రవరిలోనో, అంటే తీగలు మోడువారి, పర్యాటకులు లేని చలికాలంలో, ఆ చుట్టుపక్కల ఇల్లు అద్దెకు తీసుకుని మూడు నాలుగు వారాలు ఉండండి. ఆసుపత్రి ఎంత దూరమో, కారు లేకుండా రోజు గడుస్తుందో లేదో, అద్దె గిరాకీ చలికాలంలో ఎంత ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత కూడా కోరిక నిలిస్తే, తోట లేని చిన్న గ్రామ గృహాన్ని, ఫ్లాటు అమ్మకుండా, మీ పొదుపులో అబ్బాయి చదువుకూ రిటైర్మెంటుకూ పక్కన పెట్టగా మిగిలిన దానితో కొనగలిగితేనే కొనండి.

ఈలోగా ఏజెంటు తొందరపెట్టినా అగ్రిమెంట్ మీద సంతకం చేయకండి. అక్కడ అడ్వాన్స్ ఇచ్చాక మీరు వెనక్కి తగ్గితే ఆ సొమ్ము పోతుంది. అమ్మకందారు వెనక్కి తగ్గితే రెట్టింపు ఇవ్వాలి. ఏజెంటుతో సంబంధం లేని న్యాయవాదిని మీరే పెట్టుకుని, రిజిస్ట్రీ పత్రంలో, పన్ను శాఖ రికార్డులో, ద్రాక్షతోటల నమోదులో ఉన్న విస్తీర్ణాలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయేమో చూపించుకోండి. మన దగ్గర రెవెన్యూ సైటులో, అంటే రికార్డుల్లో ఇంకా వ్యవసాయ భూమిగానే ఉన్న స్థలంలో, కట్టిన ఇంటికి వచ్చే చిక్కుల వంటివే, సాగుభూమిగా నమోదైన చోట నిలిచిన రాతి ఇంటికీ వస్తాయి. చిన్న సాగుభూమి అమ్ముడైనప్పుడు పక్క భూమి యజమానికి కొనే ప్రాధాన్య హక్కు ఉంటుంది, ఆయనకు తెలియజేయకుండా జరిగిన అమ్మకం మీద తెలిసిన 6 నెలల్లోగా కోర్టుకు వెళ్లవచ్చు. కాబట్టి ఇరుగుపొరుగు రైతులకు నోటీసులు వెళ్లాయా అన్నది న్యాయవాదిని మీరు అడగవలసిన మొదటి ప్రశ్న.