మొదటిసారి టెంట్‌లో పడుకునేవాళ్లు ఏం చూసుకోవాలి?
వరంగల్ నుంచి ఫ్రెండ్స్‌తో లక్నవరం చెరువు వైపు మొదటిసారి క్యాంపింగ్‌కు వెళ్తున్నామని, ఏం చూసుకోవాలని ఒకరు అడిగారు.

డిసెంబర్, జనవరి మంచి కాలమే. కానీ ములుగు అడవుల పక్కన చలి నేలలోంచి ఎక్కుతుంది. పైన రెండు దుప్పట్లు కప్పుకున్నా లాభం ఉండదు. టెంట్ అడుగున టార్పాలిన్, లోపల చాప, దానిపైన మందమైన బొంత వేయండి. చెరువు అంచుకు మరీ దగ్గరగా వద్దు, మంచు తడికి తోడు దోమలు.

టెంట్‌ను ముందే మేడ మీద ఒకసారి వేసి చూడండి. చీకట్లో, టార్చ్ నోట్లో పెట్టుకుని నేర్చుకోవడం మామూలు టెన్షన్ కాదు!

తాడ్వాయి, ఏటూరునాగారం అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండొద్దు, నిప్పు అసలే పెట్టొద్దు. పొద్దున బూట్లు దులిపి వేసుకోండి, తేళ్లు దూరతాయి. తిండికి పులిహోర చాలు. సంక్రాంతి రోజులైతే సకినాలు ఎలాగూ ఉంటాయి.