ఒక్క మేకు దిగితే రెండు టైర్లు మార్చారు.. కేసు వేయొచ్చా?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఎనిమిది నెలల క్రితం 62 లక్షలు పెట్టి స్పోర్ట్స్ సెడాన్ కొన్నాను. ఏడు వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డు మీద వస్తుంటే వెనక టైరులో గాలి తగ్గుతోందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వచ్చింది. ఎగ్జిట్ దాకా నాలుగైదు కిలోమీటర్లు మెల్లగా నడిపి ఆపాను. కారులో స్టెప్నీ లేదు. టోయింగ్ బండి పిలిపించి కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పంపాను. "ఇది పెర్ఫార్మెన్స్ టైరు సార్, పంక్చర్ వేయకూడదు, కంపెనీ రూల్. వెనకవి రెండూ మార్చాల్సిందే" అన్నారు. 86 వేలు కట్టాను. తర్వాత మా వీధిలోని టైర్ల షాపాయన ఫొటో చూసి, "మేకు మధ్యలోనే ఉంది కదన్నా, లోపలి నుంచి ప్యాచ్ వేస్తే వెయ్యి లోపే అయ్యేది" అన్నాడు. పాత టైర్లు ఇవ్వమంటే ఒకసారి "స్క్రాప్‌లో వేశాం" అంటారు, ఇంకోసారి "మేనేజర్‌ను అడగాలి" అంటారు. ఇన్సూరెన్స్‌లో టైర్ కవర్ తీసుకున్నా క్లెయిమ్ ఇవ్వలేదు. డబ్బు కంటే మోసపోయానన్న బాధ ఎక్కువగా ఉంది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ కేసు సంగతి తర్వాత. ముందు ఈ రోజే సర్వీస్ సెంటర్‌కు ఒక ఈమెయిల్ పంపండి. "ఫలానా తేదీన, ఫలానా జాబ్ కార్డ్ కింద నా కారు నుంచి తీసిన రెండు టైర్లు నా సొత్తు. వాటిని నాకు తిరిగి ఇవ్వండి. అప్పటిదాకా పారేయకండి, అమ్మకండి" అని నాలుగు వాక్యాలు చాలు. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. మీ వివాదమంతటికీ అసలైన సాక్షి ఆ పంక్చర్ అయిన టైరే. అది చేజారితే మిగిలేది వాళ్ల మాట, మీ మాట. ఆ రెండింటి మధ్య ఏది నిజమో తేల్చడం ఎవరికైనా కష్టమే.

టైరు మీదేనా అన్న అనుమానం అక్కర్లేదు. రిపేరుకు ఇచ్చిన వస్తువు, దాని నుంచి విప్పిన భాగాలు యజమానివే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మన వస్తువు ఒకరి చేతిలో పెట్టినప్పుడు దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి, పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. 151, 160 సెక్షన్లు ఈ సంగతే చెబుతాయి. ఒక్క చిక్కు ఉంది. కారు అప్పగించినప్పుడు పని వివరాలు రాసి ఇచ్చే జాబ్ కార్డ్ వెనక చిన్న అక్షరాల్లో "అడగకపోతే పాత భాగాలు మేమే ఉంచుకుంటాం" అన్న షరతు ఉందేమో, దాని కింద మీరు సంతకం పెట్టారేమో చూసుకోండి. అలాంటి షరతు ఉన్నా, అడిగిన తర్వాత కూడా దాచిపెడితే అది వాళ్లకే నష్టం. కీలకమైన వస్తువును చేతిలో ఉంచుకుని చూపించని వాళ్ల గురించి వినియోగదారుల కమిషన్ ప్రతికూలంగా అనుకునే వీలుంది.

ఇక మీ అసలు సందేహం. పంక్చర్ వేయాలా, టైరు మార్చాలా అన్నది చట్టంలో రాసి లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ నిబంధన టైరు మంచి స్థితిలో ఉండాలంటుంది. కార్ల టైర్లకు ట్రెడ్ (రోడ్డును తాకే గాళ్ల భాగం) లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదంటుంది. అంతవరకే. మిగతాది టైరు పరిజ్ఞానానికి సంబంధించిన విషయం. అందుకే మీ లాయరు కూడా కాస్త టైరు గురించి తెలుసుకోవాలి.

మేకు ట్రెడ్ మధ్య భాగంలో దిగి, రంధ్రం ఆరు మిల్లీమీటర్లకు మించకపోతే సాధారణంగా రిపేరు చేయవచ్చని టైర్ల పరిశ్రమలో అంగీకరించిన పద్ధతి. ట్రెడ్ అంచున ఉండే భుజం దగ్గర గానీ, టైరు పక్క గోడ అయిన సైడ్‌వాల్‌లో గానీ దిగితే చేయకూడదు. రిపేరు అంటే రోడ్డు పక్కన బయటి నుంచి జిగురు స్ట్రిప్ గుచ్చి పంపడం కాదు. టైరును రిమ్ము నుంచి విప్పి, లోపల పరీక్షించి, రంధ్రాన్ని పూడ్చే కాడ, లోపల అతికే ప్యాచ్ కలిసి ఉండే మష్రూమ్ ప్యాచ్ వేయాలి. స్ట్రిప్ ఇల్లు చేరడానికి మాత్రమే. పెర్ఫార్మెన్స్ కార్ల టైర్ల మీద డబ్ల్యు, వై లాంటి అక్షరాలు ఉంటాయి. డబ్ల్యు అంటే గంటకు 270 కిలోమీటర్లు, వై అంటే 300 వరకు తట్టుకునేలా తయారైనదని అర్థం. ఒకసారి రిపేరు చేశాక ఆ వేగానికి హామీ ఇవ్వలేమని కొన్ని కంపెనీలు రాస్తాయి. కొన్ని రిపేరే వద్దంటాయి, కొన్ని షరతులతో ఒప్పుకుంటాయి. మన ఔటర్ మీద 120 దాటకూడదు కాబట్టి ఆ అక్షరంతో పనేముంది అనకండి. వేడికి, బరువుకి, మలుపుల్లో ఒత్తిడికి తట్టుకునే శక్తి కూడా ఆ నిర్మాణంలోనే ఉంటుంది.

కాబట్టి "కంపెనీ రూల్" అన్న మాట అబద్ధమే కానక్కర్లేదు. అయితే రూల్ అంటే రాసి ఉండాలి. కారు ఓనర్ మాన్యువల్‌లో టైర్ల అధ్యాయం తీయండి. టైరు కంపెనీ వారంటీ పుస్తకం కూడా చూడండి. తర్వాత సర్వీస్ సెంటర్‌ను రాతపూర్వకంగా అడగండి: ఏ కంపెనీ రూల్, ఏ పేజీ? మాన్యువల్‌లో "నిపుణుడు పరీక్షించి రిపేరు చేయవచ్చు" అని ఉండి, వాళ్లు మీతో "అసలు చేయకూడదు" అని చెప్పి ఉంటే మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్‌లో అనుచిత వ్యాపార పద్ధతుల జాబితా ఉంది. ఒక వస్తువు అవసరమని తప్పుదారి పట్టించేలా చెప్పడం అందులో ఒకటి. కొనుగోలుదారుకు తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం సేవాలోపం కిందకు వస్తుందని 2(11) సెక్షన్ చెబుతుంది. మీ ఫిర్యాదుకు ఈ రెండే పునాది.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్పాలి. మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఆపింది. హెచ్చరిక వచ్చాక నాలుగైదు కిలోమీటర్లు నడిపానన్నారు. గాలి తగ్గిన టైరు మీద కారు బరువు పడితే సైడ్‌వాల్ నలిగిపోతుంది. బయటికి ఏమీ కనిపించకపోవచ్చు. లోపల మాత్రం గుండ్రంగా ముడత గీత, నల్లటి రబ్బరు పొడి కనిపిస్తాయి. పెర్ఫార్మెన్స్ టైర్ల సైడ్‌వాల్ పొట్టిగా ఉంటుంది కాబట్టి ఈ నష్టం త్వరగా జరుగుతుంది. మీ టైరు లోపల అలా ఉంటే మేకు ఎంత మధ్యలో దిగినా మార్చడమే సరైన పని. మీ వీధి షాపాయన ఫొటో చూసి చెప్పాడు, లోపల చూడలేదు. ఆయన మాట మీద కేసు నిలబడదు. రన్‌ఫ్లాట్ టైరైతే గాలి పోయాక కూడా కొంత దూరం నడపవచ్చు గానీ, అలా నడిపాక రిపేరు చేయవద్దని చాలా కంపెనీలు చెబుతాయి. హెచ్చరిక వచ్చిన క్షణానికి గాలి ఎంత ఉంది, ఆపేసరికి ఎంతకు పడింది అన్నది ముఖ్యం. కారు యాప్‌లో ఆ రీడింగులు ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రెండో టైరు ఎందుకు మార్చారన్నది వేరే ప్రశ్న. నా దృష్టిలో మీ కేసులో గట్టి అంశం ఇదే. ఒకే ఇరుసు మీద రెండు టైర్ల అరుగుదల దగ్గర దగ్గరగా ఉండాలన్నది నిజం. ముఖ్యంగా నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కార్లలో, ప్రత్యేక డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఉన్న కార్లలో చుట్టుకొలత తేడా గేర్ల వ్యవస్థను దెబ్బ తీస్తుంది. అయితే ఎంత తేడా దాకా ఫరవాలేదో మాన్యువల్‌లోనో, కంపెనీ సూచనల్లోనో ఉంటుంది. దాన్ని కొలవడానికి చిన్న గేజ్ చాలు, అర నిమిషం పని. మీ జాబ్ కార్డ్‌లో ట్రెడ్ లోతు రాశారా? ఏడు వేల కిలోమీటర్లకు రెండో టైరు ఎంత అరిగిందో కొలవకుండానే మార్చేసి ఉంటే, ఆ సగం డబ్బు వాపసు అడగడానికి మీకు బలమైన కారణం ఉంది. రెండో టైరు కూడా తెచ్చుకోమనేది ఇందుకే.

ఇన్సూరెన్స్ విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోకండి. మామూలు మోటారు పాలసీలో టైరుకు మాత్రమే నష్టం జరిగితే చెల్లింపు ఉండదు. అదే ప్రమాదంలో కారుకూ దెబ్బ తగిలితేనే ఇస్తారు, అదీ టైరు మార్పిడి ఖర్చులో సగం వరకే. మీరు విడిగా కొన్న టైర్ కవర్‌లో ఏముందో పాలసీ పత్రం చదవండి. సాధారణంగా ఉబ్బులు, కోతలు, పేలడం లాంటివి ఉంటాయి, పంక్చర్ రిపేరు ఖర్చు ఉండదు. పైగా మీరు చెప్పిన క్రమం చూస్తే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ చూడకముందే టైర్లు మార్చేసినట్టున్నారు. తిరస్కరణకు అదొక్కటే కారణంగా రాసి ఉంటే మాత్రం కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోనివే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

స్టెప్నీ ఇవ్వకపోవడాన్ని ఫిర్యాదులో కలపకండి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి పీడనం చూపే వ్యవస్థ, రిపేరు కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ లేకున్నా సరేనని 2020లోనే నిబంధనలు మార్చారు.

ఫిర్యాదు ఎలా రాస్తారన్నది కూడా ముఖ్యం. "కారులోనే లోపం" అని రాస్తే కారు ధర 62 లక్షలు లెక్కలోకి వస్తుంది. 50 లక్షలు దాటినవి రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీ బాధ అది కాదు. మీరు డబ్బు కట్టింది టైర్లకు, సేవకు. 86 వేల విలువతో జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఐదు లక్షల లోపు ఫీజు కూడా లేదు. మీరు నివసించే చోటే వేసే వీలు కొత్త చట్టంలో ఉంది. గడువు రెండేళ్లు. అంతకంటే ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. చాలా సంస్థలు అక్కడే దారికి వస్తాయి. లోపం జరిగిందని రుజువు చేసే బాధ్యత మాత్రం మీదేనని మరవకండి.

"బయట పంక్చర్ వేయిస్తే వారంటీ పోతుంది" అని బెదిరించారేమో కూడా రాయండి. 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయరాదని, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చని చెప్పింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి కాబట్టి నోటీసులో ఒక వాక్యంగా వాడతాను, దాని మీదే కేసు నిలబెట్టను.

చివరగా, పాత టైరు చేతికొస్తే ప్యాచ్ వేయించి వాడుకోవచ్చా అని అనుకుంటున్నారేమో. కేసు తేలేదాకా ముట్టుకోవద్దు. ఆ తర్వాత కూడా లోపల నలిగి ఉంటే ఎంత తక్కువకు చేస్తామన్నా వద్దు. టైరు పేలడం దైవఘటన కాదు, మనిషి నిర్లక్ష్యమేనని బాంబే హైకోర్టు 2023లో ఒక ప్రమాద కేసులో తేల్చి చెప్పింది. మీ కారులో మీ పిల్లలు కూర్చుంటారు. 86 వేలు కమిషన్‌లో తిరిగి అడగవచ్చు.

టైరు తీసుకునేటప్పుడు సైడ్‌వాల్ మీద తయారీ వారం, సంవత్సరం చూపే నాలుగంకెలు, మేకు ఉన్న చోటు కనిపించేలా ఫొటోలు తీయండి. తర్వాత లోపలి గోడ చుట్టూ వీడియో తీయించండి. టైరు కంపెనీ కస్టమర్ కేర్‌కు రాసి, వాళ్ల మనిషి చేత పరీక్ష చేయించి, రిపోర్టు రాతలో అడగండి. ఆ వీడియో, జాబ్ కార్డ్, మాన్యువల్ పేజీ నాకు పంపండి. లోపల రబ్బరు పొడి కనిపిస్తే రెండో టైరు డబ్బు వరకే నోటీసు రాద్దాం. శుభ్రంగా ఉంటే మొత్తం 86 వేలకూ రాద్దాం.