గ్రీన్ ఎనర్జీలో నాయకత్వం: కామర్స్ చదివిన అమ్మాయి ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. పర్యావరణం అంటే ప్రాణం. విదేశంలో ఎనర్జీ, సస్టెయినబిలిటీ లీడర్‌షిప్‌లో మాస్టర్స్ చేసి, దేశాల మధ్య ఇంధన ఒప్పందాల రంగంలో పనిచేస్తానంటోంది. ఇంజినీరింగ్ చదవని పిల్లకు అక్కడ చోటుంటుందా? ప్రభుత్వాలు మారితే ఈ ఉద్యోగాలు నిలుస్తాయా? అప్పు చేసి పంపాలంటే టెన్షన్‌గా ఉంది. — ఒక తండ్రి

జవాబు: చోటుందండీ. ఇంజినీరింగ్ చదవలేదన్న బెంగ పక్కన పెట్టండి. మీ అమ్మాయి ఎంచుకున్న దారి కూడా మంచిదే. కాకపోతే మొదటి అడుగు ఆ మాస్టర్స్ కాకూడదని నా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

బొగ్గుతో కరెంటు తీసేవాళ్లు రోజూ బొగ్గు కొనాలి. ఎండకూ గాలికీ ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు. అందుకే సౌర, పవన విద్యుత్తులో ఖర్చులో చాలా భాగం కట్టేటప్పుడే అయిపోతుంది. ఆ డబ్బు ఎక్కువగా అప్పుగా వస్తుంది కాబట్టి, కరెంటు ఎంతకు అమ్మితే గిట్టుబాటవుతుందో తేల్చడంలో వడ్డీదే పెద్ద చెయ్యి. 25 ఏళ్లలో తీర్చాల్సిన అప్పు మీద వడ్డీ 6 శాతం నుంచి 9 శాతానికి పెరిగితే ఏటా కట్టాల్సిన వాయిదా దాదాపు 30 శాతం పెరుగుతుంది. ఫలకాలు అవే, ఎండ అదే. లెక్క మాత్రం తలకిందులవుతుంది. ఈ లెక్క కామర్స్ చదివినవాళ్ల చేతికి బాగా అలవాటైనదే.

డెన్మార్క్ కంపెనీ ఓర్‌స్టెడ్ సంగతి మీ అమ్మాయిని శ్రద్ధగా చదవమనండి. ఒకప్పుడు దాని పేరు డాంగ్ ఎనర్జీ. బొగ్గు, చమురు, గ్యాస్ వ్యాపారం. 1991లో సముద్రంలో మొట్టమొదటి గాలిమరల కేంద్రం, 11 మరలతో, డెన్మార్క్ తీరంలోనే మొదలైంది. 2009 ప్రాంతంలో ఈ కంపెనీ, తన ఉత్పత్తిలో 85 శాతంగా ఉన్న శిలాజ ఇంధనాల వాటాను 15 శాతానికి తగ్గించి, పవన విద్యుత్తు వంటివాటి వైపు మళ్లుతానని ప్రకటించింది. అందుకు ఒక తరం పడుతుందనుకున్నారు, సుమారు పదేళ్లలో అయిపోయింది. 2017లో చమురు, గ్యాస్ వ్యాపారాన్ని అమ్మేసి పేరు కూడా మార్చుకుంది. లాభాలిస్తున్న పాత వ్యాపారాన్ని వదులుకోవడానికి గుండె ధైర్యం కావాలి. వ్యాపార నాయకత్వం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

కథ అక్కడితో ఆగలేదు. అదే కంపెనీ 2023లో అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో కట్టాల్సిన రెండు ప్రాజెక్టులను రద్దు చేసుకుని భారీగా నష్టపోయింది. వడ్డీలు పెరిగాయి, సామగ్రి ఖరీదైంది, సరఫరా ఆలస్యమైంది. ఖర్చు ఇంకా ఖాయం కాకముందే అమ్మకం ధరకు కట్టుబడితే ఎంత ప్రమాదమో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. అంత అనుభవమున్న కంపెనీకే ఇలా జరిగిందంటే, ఒప్పందంలో ధర, గడువు, నష్టం ఎవరిదన్న షరతులు చదవగలిగే మనిషికి ఎంత విలువో ఊహించండి.

ఇక దేశాల మధ్య సహకారం. చాలామంది పిల్లలు దీన్ని పెద్ద సదస్సుల్లో కూర్చోవడంగా ఊహించుకుంటారు. సదస్సులు అవసరమే. 2015లో వాతావరణ మార్పు మీద పారిస్ ఒప్పందం కుదిరింది, 2023లో దుబాయ్‌లో పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యాన్ని 2030 నాటికి మూడింతలు చేయాలన్న లక్ష్యం పెట్టుకున్నారు. కానీ లక్ష్యం కరెంటుగా మారాలంటే కంపెనీల మధ్య కాగితాలు కదలాలి. నార్వే, బ్రిటన్ మధ్య సముద్రం అడుగున 720 కిలోమీటర్ల కేబుల్ ఉంది. 2021లో వాడకంలోకి వచ్చింది, సామర్థ్యం 1,400 మెగావాట్లు. బ్రిటన్‌లో గాలి బాగా వీచినప్పుడు కరెంటు నార్వే వైపు వెళ్తుంది, గాలి తగ్గితే నార్వే జలవిద్యుత్తు బ్రిటన్‌కు వస్తుంది. రెండు దేశాల గ్రిడ్ కంపెనీలు దానికి సగం సగం యజమానులు. ఎటు ఎంత పోవాలి, ధర తేడా వల్ల వచ్చే ఆదాయం ఎవరికి, కేబుల్ తెగితే బాగు చేయించేది ఎవరు, ఇవన్నీ ఏళ్ల తరబడి కూర్చుని రాసుకోవాల్సిన సంగతులు. మీ అమ్మాయి కలగంటున్న సహకారం ఈ బల్లల దగ్గర జరుగుతుంది.

కామర్స్ వాళ్లకు మరో తలుపు కూడా తెరుచుకుంది. ఐరోపా సమాఖ్య, బయటి నుంచి వచ్చే ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటుకు సరిహద్దు కార్బన్ రుసుము, అంటే తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి కట్టే రుసుము, తెచ్చింది. 2023 అక్టోబరు నుంచి లెక్కలు చెప్పడం, 2026 నుంచి రుసుము బాధ్యత. అక్కడికి ఈ సరుకులు అమ్మే బయటి ఫ్యాక్టరీలు చాలావరకు, టన్ను సరుకుకు ఎంత కార్బన్ వెలువడిందో ఆధారాలతో చూపాల్సి వస్తుంది. ఆడిటింగ్ తెలిసినవాళ్లు ఈ పనిని త్వరగా పట్టుకుంటారు.

ఇప్పుడు అప్పు మాట. డిగ్రీ అవగానే అప్పు చేసి ఆ మాస్టర్స్‌కు పంపొద్దు. ముందు రెండు మూడేళ్లు పని చేయనివ్వండి. మౌలిక వసతులకు అప్పిచ్చే బ్యాంకు విభాగం, విద్యుత్ కంపెనీలో కొనుగోలు ఒప్పందాలు చూసే బృందం, కార్బన్ లెక్కలు కట్టే కన్సల్టెన్సీ, ఏదైనా సరే. జీతం కంటే ఎవరి దగ్గర నేర్చుకుంటుందో చూడండి. తర్వాత చదువు ఎంచుకునేటప్పుడు కోర్సు పేరు చూడకుండా సిలబస్ తెరవండి. ప్రాజెక్ట్ ఫైనాన్స్ (ఒక ప్రాజెక్టు తెచ్చే ఆదాయాన్ని నమ్ముకుని దానికి అప్పు సమకూర్చే విద్య), విద్యుత్ మార్కెట్లు, ఇంధన చట్టం ఉన్నాయా? నాయకత్వం, దార్శనికత వంటి మాటలే పేజీలకు పేజీలు ఉంటే ఆ ఫీజు దండగ. పాత విద్యార్థులు ఏ పని చేస్తున్నారో కనుక్కోండి. అబుదాబిలో ప్రధాన కార్యాలయమున్న అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ, ఐరీనా, ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది, వాటికీ దరఖాస్తు చేయొచ్చు. చేతిలో పని ఉన్నవాళ్ల దరఖాస్తు మరింత బలంగా ఉంటుంది.

ప్రభుత్వాలు మారితే ఏమవుతుందన్న మీ భయం న్యాయమైనదే. విధానాలు మారతాయి, కొన్ని ప్రాజెక్టులు ఆగిపోతాయి, ఉద్యోగాలూ పోతాయి. అది దాచి మీకు ధైర్యం చెప్పలేను. కానీ దీర్ఘకాలిక అప్పును, ఒప్పందాన్ని అంచనా వేయడం వచ్చినవాళ్లను పోర్టులు, రోడ్లు, నీటి ప్రాజెక్టులు కూడా తీసుకుంటాయి. కేవలం పర్యావరణ ప్రచారం మీద నిలబడిన ఉద్యోగానికి ఆ వెసులుబాటు తక్కువ.

ఈ సెలవుల్లో ఆమెను ఒక పని చేయమనండి. ఊహాజనితమైన ఒక సౌర కేంద్రాన్ని తీసుకుని, కట్టడానికయ్యే ఖర్చు, వడ్డీ, ఏటా వచ్చే కరెంటు, అమ్మకం ధర ఎక్సెల్‌లో వేసుకోవాలి. వడ్డీ మార్చి చూడాలి, కట్టడం ఏడాది ఆలస్యమైతే ఏమవుతుందో చూడాలి. ఆ అంకెలతో కుస్తీ పడుతుంటే ఆమెకు హుషారు వస్తోందా, విసుగు వస్తోందా అన్నది మీరు పక్కన కూర్చుని గమనించండి. విసుగొస్తే ప్రాజెక్ట్ ఫైనాన్స్ వదిలి కార్బన్ లెక్కల వైపో, ఇంధన చట్టం వైపో ఆలోచిద్దాం. షీట్ తయారయ్యాక నాకు పంపమనండి, చూసి మళ్లీ రాస్తాను.