నూకల నుంచి ఇథనాల్ తీయడానికి ఈస్ట్ ఒక్కటే చాలదా?

శ్రీకాకుళం రైస్ మిల్లుల్లో మిగిలే నూకలను ఉడికించి ఈస్ట్ కలిపితే ఇథనాల్ రాదా అని అడిగారు. రాదండి. మామూలు ఈస్ట్ చక్కెరనే తినగలదు. పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైము దానికి లేదు. ఆ పని ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు చేస్తుంది, పిండిపదార్థాన్ని గ్లూకోజ్ అనే చక్కెరగా మారుస్తుంది.

ఈ బూజునూ ఈస్ట్‌నూ సోడియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు పదార్థం) ద్రావణంలో కలిపి, కాల్షియం క్లోరైడ్ నీళ్లలో చుక్కలుగా వదిలితే సగ్గుబియ్యం లాంటి పూసలు గట్టిపడతాయి. నాకు బాగా నచ్చేది ఇక్కడే. గాలి కావలసిన బూజు పూస పైపొరలో పెరుగుతుంది. గాలి లేకున్నా పనిచేసే ఈస్ట్ లోపల ఉండి, గ్లూకోజ్‌ను వచ్చింది వచ్చినట్టే పులియబెడుతుంది. గ్లూకోజ్ పేరుకోదు కనుక ఎంజైము మందగించదు. పూసలను వడకట్టి మళ్లీ వాడొచ్చు.

100 గ్రాముల పిండిపదార్థానికి లెక్క ప్రకారం గరిష్ఠంగా సుమారు 57 గ్రాముల ఇథనాల్. చేతికొచ్చేది అంతకన్నా తక్కువే.